ఆటిజం అనుమానం ఉన్న చిన్నారికి బడి వయసుకు ముందే తోడ్పాటు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరిని ఏమడగాలి

రెండున్నరేళ్లు నిండినా బిడ్డకు మాటలు రాలేదన్న సంగతిని ఇంట్లో ముందుగా పసిగట్టేది తల్లో, అమ్మమ్మో అయి ఉంటారు. ఆ మాట పైకి అనగానే ఓదార్పులు మొదలవుతాయి. వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయని ఒకరు, మగపిల్లలకు అంతేనని ఒకరు, వసకొమ్ము అరగదీసి నాకించమని ఇంకొకరు చెబుతారు. అలా ఏడాది గడిచిపోతుంది. తీరా ఒక డాక్టరు ఆటిజం (ఎదుటివారితో మాట, చూపు, ఆట పంచుకోవడంలో తేడా కనిపించే ఎదుగుదల స్థితి) కావచ్చునని అన్న తర్వాత, అవునా కాదా అని నలుగురు డాక్టర్ల చుట్టూ తిరగడంలో మరో ఆరు నెలలు పోతాయి. ఈ మార్గదర్శి రాయడానికి కారణం ఆ పోయే కాలమే. సమస్యకు పేరు పెట్టడం ఒక దారి, బిడ్డకు తోడ్పాటు అందించడం మరో దారి. మొదటిది పూర్తయ్యే దాకా రెండోది ఆగవలసిన పని లేదు.

మన దేశంలో దీనికి తోడు మరో చిక్కు ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 31వ సెక్షన్ 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ఇస్తుంది. ఆరేళ్ల లోపు పిల్లల విషయానికి వస్తే, వారి సంరక్షణకూ చదువుకూ రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 45వ అధికరణం చెప్పి ఊరుకుంది. తోడ్పాటు బాగా పనిచేసే వయసులోనే చట్టం పట్టు ఇలా సడలి ఉండటం వల్ల, తల్లిదండ్రులే నాలుగు చోట్ల నుంచి నాలుగు ముక్కలు తెచ్చి బిడ్డకు సరిపోయే ఏర్పాటును కుట్టుకోవలసి వస్తుంది. ఆ ముక్కలు ఎక్కడెక్కడ దొరుకుతాయో, వాటిని ఏ వరుసలో అడగాలో ఇక చూద్దాం.

చూసింది రాసిపెట్టడం

డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు ఒక నోటు పుస్తకం తీసుకుని వారం రోజుల పాటు చూసింది చూసినట్టు రాయండి. ‘మాట వినడు’, ‘మొండి’ వంటి తీర్పులు రాస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. ‘పేరు పెట్టి ఐదుసార్లు పిలిస్తే ఒకసారి తిరిగింది’ అని రాస్తే ఉంటుంది. చందమామను చూపిస్తూ గోరుముద్దలు తినిపించే ఇళ్లలో ఒక పరీక్ష తెలియకుండానే రోజూ జరుగుతూ ఉంటుంది. మీరు వేలు ఎత్తి చూపించినప్పుడు బిడ్డ చంద్రుడి వైపు చూస్తోందా, మీ వేలినే చూస్తోందా, రెండూ పట్టించుకోకుండా ఉందా? తనకు నచ్చిన వస్తువును తానే వేలితో చూపించి, మీరు చూశారో లేదోనని మీ ముఖం వైపు తిరుగుతోందా? ఒకే వస్తువు మీద ఇద్దరి చూపూ నిలిచే ఈ చిన్న పని మాటకు పునాది.

వయసును బట్టి గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. 12 నెలలకు పేరు పిలిస్తే తిరగకపోవడం, టాటా చెప్పడం, వేలితో చూపించడం వంటి సైగలు లేకపోవడం, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం, 24 నెలలకు సొంతంగా రెండు మాటలు కలపలేకపోవడం డాక్టరుకు చూపించవలసిన గుర్తులు. వచ్చిన మాటలు ఏ వయసులో పోయినా అసలు ఆలస్యం చేయకూడదు. వీటితో పాటు మిక్సీ, కుక్కర్ చప్పుళ్లకు చెవులు మూసుకోవడం, బొమ్మ కారును నడపకుండా దాని చక్రాలనే తిప్పుతూ గడపడం, మునివేళ్ల మీద నడవడం, ఒకే రకం తిండి తప్ప ముట్టకపోవడం కనిపిస్తే అవి కూడా రాయండి. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తానుగా ఆటిజానికి రుజువు కాదు.

ఇక్కడ చాలామందిని మోసగించే సంగతి ఒకటి ఉంది. బిడ్డ ఇంగ్లీషు అక్షరాలు, రంగులు, వీడియోల్లో విన్న పాటలు గడగడా అప్పజెబుతుంటే మాటకు లోటు లేదని ఇంట్లో వాళ్లు మురిసిపోతారు. అయితే అదే బిడ్డ దాహం వేసినప్పుడు నీళ్లు అడగడు, అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళతాడు. ఎన్ని మాటలు వచ్చు అనే దానికన్నా వాటిని ఎదుటి మనిషితో ఎందుకు వాడుతున్నాడు అనేది ముఖ్యం. ఆ తేడా నోటు పుస్తకంలో కనిపించాలి.

రాతతో పాటు రెండేసి నిమిషాల వీడియోలు మూడు తీసి ఉంచుకోండి: అన్నం తినేటప్పటిది ఒకటి, ఒంటరిగా ఆడుకునేటప్పటిది ఒకటి, తోటి పిల్లల మధ్య ఉన్నప్పటిది ఒకటి. డాక్టరు గదిలో కొత్త చోటికి బెదిరి ఏడ్చే బిడ్డలో కనిపించని విషయాలు వీటిలో కనిపిస్తాయి.

చెవి పరీక్ష, ఆ తర్వాత డాక్టరు

బిస్కెట్ ప్యాకెట్ చప్పుడుకు పరుగెత్తుకొస్తాడు కాబట్టి వినికిడి బాగానే ఉందని అనుకోకండి. కొన్ని స్థాయుల శబ్దాలే వినిపించని పిల్లలు కూడా అలాగే పరుగెత్తుకొస్తారు. ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలకు బిడ్డ జవాబు చెప్పవలసిన అవసరం లేదు. నిద్రలో ఉండగానే చేయవచ్చు. ఈ ఫలితం చేతిలో ఉంటే తర్వాత ఏ కేంద్రానికి వెళ్లినా మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది.

పిల్లల డాక్టరు వద్ద ఎంచాట్ అనే ప్రశ్నావళి ఉంటుంది. 16 నుంచి 30 నెలల మధ్య పిల్లల కోసం తయారైన 20 ప్రశ్నల జాబితా అది. అందులో ఎక్కువ మార్కులు వస్తే ఆటిజం ఉన్నట్టు కాదు, లోతుగా చూడాలని అర్థం. తక్కువ వచ్చినా మీ అనుమానం తీరకపోతే మళ్లీ అడగడానికి మొహమాటపడవద్దు. ‘మూడేళ్లు వచ్చే దాకా చూద్దాం’ అని డాక్టరు అంటే, ఈ చూసే కాలంలో మేము ఏమి చేయాలి, మళ్లీ ఏ తేదీన రావాలి అని రెండు ప్రశ్నలు వేసి, జవాబులు చీటీ మీద రాయించుకోండి.

జిల్లాలో ఎక్కడికి వెళ్లాలి

డబ్బు ఖర్చు లేని దారి చాలామందికి తెలియకుండానే మిగిలిపోతోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షించాలి. ఎదుగుదలలో ఆలస్యం కూడా వాళ్లు చూడవలసిన వాటిలో ఉంది. వాళ్లు రాసిచ్చే చీటీతో జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి వెళ్లవచ్చు. దీన్ని డీఈఐసీ అంటారు. సాధారణంగా జిల్లా ఆసుపత్రి లేదా బోధనాసుపత్రి ఆవరణలో ఉంటుంది. పిల్లల డాక్టరు, మానసిక నిపుణులు, స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఒకే చోట ఉండాలన్నది ఈ కేంద్రాల ఉద్దేశం. ఉద్దేశం ఎంత మంచిదైనా అన్ని పోస్టులూ అన్ని చోట్లా నిండి ఉంటాయని అనుకోలేం. అందుచేత ఏ నిపుణులు ఏ రోజున వస్తారో ముందుగా కనుక్కుని బయలుదేరితే ఒక రోజు కూలి, ఒక బస్సు చార్జీ మిగులుతాయి.

తెలుగువారికి అందుబాటులో ఉన్న పెద్ద సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ, అంటే మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత కోసం పనిచేసే జాతీయ సంస్థ. 1984లో ఏర్పడిన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థను పాత పేరుతో ఎన్ఐఎంహెచ్ అని పిలిచేవారు ఇప్పటికీ ఉన్నారు. వైకల్యం ఏదైనా ఆరేళ్ల లోపు పిల్లలకు ఒకే చోట సేవలందించేందుకు 2021లో దేశంలో మొదలైన సత్వర సహాయ కేంద్రాలలో ఒకటి ఇక్కడ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరులోని ప్రాంతీయ పునరావాస కేంద్రం కూడా కేంద్ర ప్రభుత్వానిదే. దూరం నుంచి వెళ్లేవారు నెలనెలా థెరపీకి రావడం కష్టమని మొదటి రోజే చెప్పి, ఇంట్లో చేయవలసిన పనులను నేర్పమని అడగాలి. అలా అడిగిన వారికి ఒక్క ప్రయాణంలోనే మూడు నెలల పని చేతికి వస్తుంది.

ఏ కేంద్రానికి వెళ్లినా చివర లిఖితంగా ఒక నివేదిక తీసుకోండి. అందులో ‘ఆటిజం లక్షణాలు’ అన్న ఒక్క ముక్కే ఉంటే సరిపోదు. మాట అర్థం చేసుకోవడం, మాట్లాడటం, ఆట, తన పనులు తాను చేసుకోవడం ఏ వయసు స్థాయిలో ఉన్నాయో విడివిడిగా రాయమని కోరండి. రేపు ప్రీస్కూల్ టీచరుకు పనికివచ్చేది ఆ వివరమే.

అపాయింట్‌మెంట్ వచ్చేలోపు ఇంట్లో

రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దని, ఆ తర్వాత ఐదేళ్ల లోపు రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫోను తగ్గించడం మంచిదే గాని, ఫోను వల్లనే ఇదంతా వచ్చిందని, ఆపేస్తే సర్దుకుంటుందని చెప్పి పరీక్షలు వాయిదా వేసుకోవడం ప్రమాదకరం. ఖాళీ అయిన ఆ గంటను మనుషులతో నింపాలి. బిడ్డ ఎత్తులో నేల మీద కూర్చుని, తను ఆడుతున్న ఆటలోకే మీరు వెళ్లండి. దోబూచులాటలో ముఖం దాచుకుని, బిడ్డ మీ చేయి లాగే దాకా ఆగండి. ఇష్టమైన పల్లీ పట్టీని మూత బిగించిన డబ్బాలో పెట్టి ఇస్తే, తెరవమని అడగడానికి మీ వైపు చూడవలసి వస్తుంది. ఒక్క చూపు, ఒక్క శబ్దం, ఒక్క సైగ వచ్చినా వెంటనే ఇవ్వండి. సరిగ్గా పలికితేనే ఇస్తామని పట్టుబట్టవద్దు.

రెండు భాషల ఇళ్లలో తెలుగు మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడమనే సలహా తరచూ వినిపిస్తుంది. రెండు భాషలు వినడం ఆటిజం ఉన్న పిల్లల మాటను వెనక్కి నెడుతుందని పరిశోధనల్లో తేలలేదు. అమ్మకు సహజంగా వచ్చే భాషలోనే ముద్దూ మురిపెమూ పలుకుతాయి కనుక, నాన్నమ్మ నోటి తెలుగును బిడ్డకు దూరం చేయడంలో నాకైతే లాభమేమీ కనిపించదు.

ప్రీస్కూల్ ఎంచుకోవడం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. అంగన్‌వాడీ, ప్రైవేటు ప్లే స్కూల్, ప్రత్యేక కేంద్రం అనే మూడు దారులలో ఏది గొప్పదన్న చర్చ వదిలేసి, మీ బిడ్డకు ఈ ఏడాది ఏమి కావాలో ముందు తేల్చుకోండి. పక్కన పిల్లలుంటే వాళ్లను చూసి కొంతైనా అనుకరించే బిడ్డకు మామూలు పిల్లల మధ్య సగం పూట గడపడం ఎంతో మేలు. పది మంది ఉన్న గదిలో అడుగు పెట్టగానే హడలిపోయే బిడ్డకు మొదటి మూడు నెలలు ఇద్దరు ముగ్గురు పిల్లలున్న చోటు నయం. ఉదయం రెండు గంటలు అంగన్‌వాడీ, వారానికి రెండు రోజులు సాయంత్రం థెరపీ అనే కలగలుపు ఏర్పాటు చాలా కుటుంబాలకు కుదురుతుంది.

అంగన్‌వాడీని తక్కువగా చూడకండి. ఇంటికి దగ్గర, ఫీజు లేదు, పక్కింటి పిల్లలే అక్కడా ఉంటారు, టీచరు ఆ ఊరి మనిషి. దివ్యాంగ బాలలను గుర్తించి, చేర్చుకుని, అవసరమైన చోటికి పంపే పద్ధతిని వివరిస్తూ కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2023 నవంబరులో ప్రత్యేకంగా ఒక అంగన్‌వాడీ ప్రోటోకాల్ విడుదల చేసింది. బిడ్డను చేర్చుకోవడానికి టీచరు వెనకాడితే దాని సంగతి మర్యాదగా గుర్తు చేసి, అప్పటికీ కుదరకపోతే సూపర్‌వైజరుతో మాట్లాడండి. అయితే టీచరు మీద రిజిస్టర్ల భారం ఎంత ఉందో కూడా మనకు తెలియాలి. మొదటి వారం అమ్మో, నాన్నమ్మో కూడా వెళ్లి కూర్చుంటామంటే చాలాసార్లు తలుపు తెరుచుకుంటుంది.

ప్రైవేటు బడి విషయంలో చట్టం కొంత అండగా ఉంది. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు వివక్ష లేకుండా దివ్యాంగ బాలలను చేర్చుకోవాలని 2016 చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. గుర్తింపు పొందిన పాఠశాలకు అనుబంధంగా నడిచే నర్సరీలో ఈ మాట బలంగా అడగవచ్చు. విడిగా నడిచే ప్లే స్కూళ్లు అనేకం ఏ గుర్తింపూ లేనివి కాబట్టి అక్కడ చట్టం కన్నా ఆ టీచరు మనసే ముఖ్యమవుతుంది.

చూడటానికి వెళ్లినప్పుడు రంగు గోడలనూ ఏసీనీ కాకుండా మనుషులను చూడండి. ఒక పిల్లవాడు ఏడుస్తున్నప్పుడు టీచరు ఏమి చేస్తోంది? ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలు? ఆయా మారిపోతూ ఉంటుందా, ఏళ్ల తరబడి అదే మనిషా? బిడ్డకు మరుగుదొడ్డి అలవాటు కాకపోతే ఎవరు చూస్తారు? గేటు లోపలి నుంచి గడియ పడుతుందా? హఠాత్తుగా పరుగెత్తే పిల్లలకు ఆ గడియ ప్రాణాలతో సమానం. అన్నిటికన్నా ముఖ్యంగా, ‘మా బాబు అందరితో గుండ్రంగా కూర్చోకుండా లేచిపోతే మీరేం చేస్తారు?’ అని అడగండి. ‘కూర్చోబెడతాం’ అన్న జవాబుకూ, ‘రెండు నిమిషాలతో మొదలుపెట్టి చూస్తాం’ అన్న జవాబుకూ ఎంతో తేడా ఉంది.

విషయం దాచి చేర్పించాలా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ తలెత్తుతుంది. దాచితే సీటు సులువుగా దొరుకుతుంది గాని, నెల తిరగకముందే ఫిర్యాదులు మొదలవుతాయి, అప్పటికి టీచరుకు మీ మీద నమ్మకం పోతుంది. నిర్ధారణ కాకముందు ఆ పేరు వాడనక్కరలేదు. ఒక్క పేజీలో బిడ్డను పరిచయం చేయండి: ఏది ఇష్టం, దేనికి భయం, ఏమి కావాలో ఎలా చెబుతుంది, ఏడుపు మొదలయ్యే ముందు కనిపించే గుర్తు ఏమిటి, ఎలా ఊరడించాలి, ఏ తిండి పడదు. ఇంత కాగితం నలభై పేజీల ఫైలు కన్నా బాగా పనిచేస్తుంది.

చేరిన తర్వాత మూడు నెలలకు మూడు లక్ష్యాలు మించకుండా టీచరుతో కలిసి రాసుకోండి. ‘అందరితో కలవాలి’ అనేది లక్ష్యం కాదు. ‘గ్లాసు బొమ్మ ఉన్న కార్డు ఇచ్చి నీళ్లు అడగాలి’, ‘పాట అయ్యే దాకా చాప మీద కూర్చోవాలి’ అన్నవి లక్ష్యాలు. బొమ్మల కార్డులు అలవాటు చేస్తే ఇక మాటలే రావని కొందరు బెదిరిస్తారు. కార్డులు మాటకు అడ్డుపడతాయని పరిశోధనలు చూపలేదు. పైగా అడిగింది దొరుకుతుందన్న నమ్మకంతో ఏడుపులు తగ్గుతాయి. వెంట ఒక షాడో టీచరును, అంటే మీ బిడ్డ ఒక్కరినే చూసుకునే సహాయకురాలిని పెట్టుకోవాలని బడి అంటే, ఆమెకు ఎవరు శిక్షణ ఇస్తారు, జీతం ఎవరిది, ఎప్పటి నుంచి క్రమంగా తగ్గిస్తారు అని అడగండి. రోజంతా వెనకే ఉండి అన్నీ చేసిపెట్టే షాడో వల్ల బిడ్డ తరగతి గదిలో ఉండి కూడా వేరుగానే ఉండిపోతుంది.

థెరపిస్టును పరీక్షించడం

మనం వాళ్ల అర్హతను అడగడం అమర్యాద కాదు. స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్టరులో ఉండాలని 1992 నాటి చట్టం చెబుతోంది. నమోదు సంఖ్య అడిగితే నిజమైన నిపుణులు వెంటనే చెబుతారు. రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు మాత్రం ఆ రిజిస్టరు పరిధిలోకి రారు. వాళ్లను డిగ్రీ ఎక్కడ చేశారో అడగాలి.

తలుపు మూసి అరగంట తర్వాత బిడ్డను అప్పగించే కేంద్రం కన్నా, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే కేంద్రం మేలు. వారానికి రెండు గంటల థెరపీ చాలదు, మిగిలిన గంటలన్నీ ఇంట్లోనే గడుస్తాయి. ఆరు నెలల్లో పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చేవారి నుంచి లేచి వచ్చేయండి. ఆటిజానికి మూలకణ (స్టెమ్ సెల్) చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన బోర్డు 2022లోనే స్పష్టం చేసింది. అయినా లక్షలు వసూలు చేసే ప్రకటనలు ఆగలేదు. ఆ డబ్బుతో రెండేళ్ల థెరపీ నడుస్తుంది.

సదరం, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు), నిరామయ

వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే బిడ్డ మీద ముద్ర పడుతుందని వెనకాడే తల్లిదండ్రులు ఉన్నారు. ప్రీస్కూల్‌లో చేర్చడానికి అది అక్కరలేదు కాబట్టి తొందర లేదు. నిర్ధారణ అయిన తర్వాత మాత్రం ఆలస్యం చేయకండి. ఆటిజం తీవ్రతను కొలవడానికి 40 అంశాలున్న ఐఎస్‌ఏఏ అనే భారతీయ కొలమానాన్ని వాడతారు. దాన్ని రూపొందించింది పైన చెప్పిన సికింద్రాబాద్ సంస్థే. వైకల్యాన్ని పరీక్షించి పత్రం ఇచ్చే శిబిరాన్ని సదరం అంటూ వచ్చారు; దానికి తెలంగాణలో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయం ద్వారా స్లాట్ తీసుకునే పద్ధతి జనానికి అలవాటైనదే. చిన్న పిల్లలకు గడువు ఉన్న పత్రం ఇచ్చే అవకాశం ఉంది కనుక ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. పత్రం వచ్చాక కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయవచ్చు. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉండే ఆ బీమాలో థెరపీ ఖర్చుకూ కొంత వాటా ఉంది. రసీదులన్నీ తేదీల వారీగా దాచాలి.

అమెరికాలో ఉన్నవారికి

అక్కడి తెలుగు కుటుంబాలకు దారి వేరు. మూడేళ్ల లోపు బిడ్డకు రాష్ట్రం నడిపే ఎర్లీ ఇంటర్వెన్షన్ (చిన్న వయసులోనే తోడ్పాటు అందించే కార్యక్రమం), మూడేళ్లు నిండాక మీ నివాస ప్రాంతపు స్కూల్ డిస్ట్రిక్ట్ బాధ్యత వహిస్తాయి. రెండింటికీ డాక్టరు నిర్ధారణ ముందే ఉండవలసిన అవసరం లేదు. వీసా స్థితి అడ్డు కాదు. మూడేళ్ల లోపు బిడ్డ విషయంలో సమాచారం అందిన 45 రోజుల్లో ప్రణాళిక సమావేశం జరగాలి. ఆ తర్వాతి వయసులో మీ అంగీకారం ఇచ్చిన నాటి నుంచి 60 రోజుల్లో, లేదా ఆ రాష్ట్రం పెట్టుకున్న గడువులో పరీక్ష పూర్తి చేయాలి. ఫోనులో అడిగితే ఈ గడువులను నిలదీయడం కష్టమవుతుంది. తేదీ వేసి ఈమెయిల్‌లో రాయండి. ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పి దుబాసీని కోరండి, లేకపోతే తెలుగులో వచ్చిన మాటలు లెక్కలోకి రాకుండా పోతాయి.

ఆరేళ్లు నిండే ముందు ఏడాది

ఒకటో తరగతికి జూన్‌లో వెళ్లవలసిన బిడ్డ కోసం అంతకు ముందు జనవరి నుంచే కదలాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం మీ మండలంలో ఎక్కడుందో కనుక్కుని, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులను కలిసి పేరు నమోదు చేయించండి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న బిడ్డకు ఆరేళ్ల నుంచి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 31వ సెక్షన్ అండగా వస్తుంది కనుక, ఈ వయసు నుంచి అడిగేది సాయం కాదు, హక్కు. ప్రీస్కూల్ టీచరుతో ఆ ఒక్క పేజీ పరిచయాన్ని తిరగరాయించి, కొత్త టీచరుకు వేసవి సెలవులకు ముందే అందించండి. సెలవుల్లో ఖాళీ బడికి నాలుగైదుసార్లు తీసుకెళ్లి కుళాయి, మరుగుదొడ్డి, కూర్చునే చోటు చూపించి ఫొటోలు తీసి, రోజూ రాత్రి వాటిని వరుసగా చూపించండి. యూనిఫాం కుట్టు గుచ్చుకుంటుందేమో మే నెలలోనే తొడిగి చూడండి, టిఫిన్ డబ్బా మూత తానే తీయగలిగేలా అలవాటు చేయండి.